రెండు సంతకాలు

రెండు మెడల సరస్సు శిబిరం,
అక్టోబరు ఆఖరు, 1986.

తమ్ముడు ఆల్ఫియస్‌కు,

డెలైమా అక్క రాయునది. నేను బాగానే ఉన్నాను. మోకాలు బాగాలేదు, దాని సంగతి కావాలంటే దాన్నే రాసుకోమంటాను.

సరస్సు అంచులు గడ్డకట్టాయి. పిండి, టీ, కిరసనాయిలు పడవలో ముందే చేరవేసుకున్నాను. ఇక అసలు విషయం. నిన్న బీవర్ల గూళ్ళన్నీ చూసొచ్చాను. పద్నాలుగింటిలో ఐదింటి ముందే కొత్త కొమ్మల పోగు ఉంది. చలికాలం తిండికి నీళ్ళలో కొమ్మలు దాచుకోలేదంటే ఆ గూట్లో ఎవరూ లేనట్టే. పట్నంలో పడి మర్చిపోయి ఉంటావని విడమర్చి రాస్తున్నాను. పోయిన చలికాలం ఆనకట్టవాళ్ళు ఎగువనుంచి నీళ్ళు వదిలారు, మళ్ళీ ఉన్నట్టుండి ఆపేశారు. మంచుగడ్డ కింద నీళ్ళు దిగిపోయాయి. గూళ్ళ వాకిళ్ళు గడ్డకట్టుకుపోయి లోపలివి లోపలే చచ్చాయి.

నాన్న ఉంటే ఏమనేవాడో నీకు గుర్తుందో లేదో. "నేల పడుకుంది. రెండు చలికాలాలు లేపకండి" అనేవాడు. ఆ మాటే లైసెన్సు ఆఫీసు గుమస్తాతో చెప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "అదేం లేదమ్మా, ఏడాదిలో తోళ్ళు తేకపోతే ఆ ఉచ్చుల బాట ఇంకొకరికి రాసేస్తాం" అన్నాడు. పడితే బీవర్లు పోతాయి, పట్టకపోతే బాట పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కొండవైపు చెట్లమీద మార్టెన్లు దండిగా ఉన్నాయి, వాటి తోళ్ళు చూపించినా చాలట. కానీ అక్కడికి మంచు జోళ్ళు వేసుకుని రెండు రోజులు నడవాలి.

మన మేనబావ వాలస్ అప్పుడే కాసుకుని కూర్చున్నాడు. "డెలైమా, అలిసిపోయావ్. బాట నాకిచ్చి దుప్పటి కప్పుకుని పడుకో" అని స్టోర్లో అందరిముందూ అన్నాడు. వాడికిస్తే ఆ ఐదు గూళ్ళూ క్రిస్మస్‌లోపల ఖాళీ.

పెద్ద ఆఫీసు మీ పట్నంలోనే ఉందిగా. దారి ఏమైనా ఉందేమో కనుక్కో. జవాబు మన క్రీ లిపిలో రాయి. ఇంగ్లీషులో రాస్తే వాలస్ చేత చదివించుకోవాలి, వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

మీ అక్క,
డెలైమా.


విన్నిపెగ్,
నవంబరు మధ్య.

అక్కకు,

మన లిపిలో రాసి ఎన్నాళ్ళయిందో! ఈ నాలుగు ముక్కలకీ మూడు కాగితాలు చించేశాను. తప్పులుంటే నవ్వుకో, స్టోర్లో మాత్రం చూపించకు.

ఆఫీసుకి వెళ్ళాను. లైసెన్సులో రెండో పేరు చేర్చవచ్చునట. రక్తసంబంధం ఉండాలి, ఆ మనిషి సీజన్లో బాట మీద ఉండాలి, ఆ చేత్తో కొన్ని తోళ్ళైనా రావాలి. నేలకు విశ్రాంతి అనే గడి వాళ్ళ ఫారంలో లేదు. నేను అడిగితే ఆవిడ ఫారం అటూ ఇటూ తిప్పి, "లేదండీ, పాపం" అంది.

అక్కా, ఒకమాట అడుగుతాను, కోప్పడవుగా? ఇన్నాళ్ళు చేశావు. ఇక వదిలెయ్యరాదూ? యూరప్‌వాళ్ళు తోళ్ళు కొనడం మానేస్తున్నారు. ఇక్కడ బడిలో నా ఐదో తరగతి పిల్లలు కొందరు ఉచ్చులు వద్దంటూ చొక్కాకి బిళ్ళలు తగిలించుకొస్తున్నారు. కాలం మారుతోంది. మా ఇంట్లో వెనకగది ఖాళీగా ఉంది, కిటికీలోంచి ఎండ పడుతుంది. నీ మరదలు గ్వెన్ కూడా నిన్ను రమ్మని మరీ మరీ చెప్పమంది. తను మాంసం మానేసింది. రోజూ పప్పు చారే. నాకు అలవాటైపోయింది.

మోకాలు డాక్టరుకి చూపించావా?

నీ తమ్ముడు,
ఆల్ఫీ.


రెండు మెడల సరస్సు శిబిరం,
డిసెంబరు మొదలు.

ఆల్ఫియస్‌కు,

పోయిన గురువారం విమానంలో వేటగాళ్ళ సంఘం పత్రిక వచ్చింది. అందులో ఒక జాబితా వేశారు. కాళ్ళు పట్టే ఇనప ఉచ్చులు నిషేధించాలని, అసలు తోళ్ళ వ్యాపారమే ఆపేయాలని అర్జీ పెట్టిన పంతుళ్ళ పేర్లు. వాలస్ స్టోర్లో పిండి బస్తా మీద ఎక్కి నిలబడి చదివాడు. పన్నెండో పేరు దగ్గర ఆగాడు. కళ్ళు చికిలించాడు. "ఓలమ్మో! ఈ పన్నెండోవాడు మనోడే! డెలైమా, నీ తమ్ముడు నిన్ను జైల్లో పెట్టించేలా ఉన్నాడే!" అన్నాడు. మన ఇంటిపేరుతో సహా అచ్చయి ఉంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బయటికొచ్చి మంచులో కూర్చుని ఏడ్చాను.

వెనకగది, ఎండ పడే కిటికీ, పప్పు చారు! నీళ్ళు నమిలావు గాని సంతకం పెట్టానని ఒక్క ముక్క రాశావా? సొంత అక్కకి చెప్పకుండా ఊరందరికీ చెప్పావు.

ఒక్కటి అడుగుతాను. ఆ తొమ్మిది గూళ్ళలో బీవర్లు చచ్చాయే, అది నా ఉచ్చులవల్లనా? ఆనకట్ట నీళ్ళవల్ల. ఆ ఆనకట్ట ఎందుకు? మీ ఇంట్లో, మీ బడిలో దీపాలు వెలగడానికి. ఆ దీపం కింద కూర్చునే నువ్వు నా మీద సంతకం పెట్టావు. ఆనకట్ట మీద పెట్టడానికి మీ ఊళ్ళో కలం దొరకలేదా? నేను బీవర్‌ని చంపితే మాంసం తింటాను, తోలు అమ్ముతాను, ఎముకలు కుక్కల పాలవకుండా మళ్ళీ నీళ్ళలో వదులుతాను. మీరు చంపినవాటి ఎముకలు ఎవరు ఎక్కడ వదిలారో చెప్పు. మీ పట్నపు కోడి ఏ ఇనుములో పుట్టి ఏ ఇనుములో చస్తుందో నాకు తెలీదనుకోకు, రేడియో నేనూ వింటాను.

వదిలెయ్యమన్నావు. బాట వదిలేస్తే మన అమ్మ పాతిన గుడారపు గుంజలు, నాన్న సమాధి, అన్నీ వాలస్‌గాడి ఉచ్చుల మధ్య పడి ఉంటాయి. అదే నీకు కావాలంటే చెప్పు.

గ్వెన్‌ని అడిగానని చెప్పు. దానిమీద కోపం లేదు, అది మన మనిషి కాదు కాబట్టి. నువ్వు మన మనిషివి.

డెలైమా.


విన్నిపెగ్,
డిసెంబరు మధ్య.

అక్కకు,

నువ్వు రాసినవన్నీ నిజమే. చెప్పకపోవడం నాదే తప్పు. భయపడ్డాను. యాభై ఏళ్ళొచ్చినా నీ కోపమంటే నాకు భయమే.

గ్వెన్ పెట్టమంటే పెట్టాననుకుంటున్నావేమో, కాదు. తను సంతకం పెట్టి కాగితం బల్లమీద వదిలేసింది. నన్ను అడగలేదు. రెండు రోజులు ఆ కాగితం చుట్టూ తిరిగి నేనే పెట్టాను. ఎందుకో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్తున్నాను.

నాకు తొమ్మిదో ఏడు. నాన్న నన్ను వెనక వదిలి ముందు ఉచ్చులు చూడ్డానికి వెళ్ళాడు. దేవదారు గుబురు దగ్గర ఒక ఉచ్చులో లింక్స్ పిల్లి ఉంది. బతికే ఉంది. ముందరికాలు ఇనుములో ఉంది. చుట్టూ మంచంతా తొక్కి గట్టిపడింది. ఎన్ని రోజులనుంచి ఉందో! అది గుర్రుమనలేదు, అక్కా. అలా చూసిందంతే. స్లెడ్జి మీది దుప్పటి తెచ్చి దాని తలమీద వేశాను, రెండు కాళ్ళతో ఉచ్చు స్ప్రింగుల మీద ఎక్కి నిలబడ్డాను. కాలు ఇనుములోంచి బయటికొచ్చింది. దుప్పటి లాగేసి పరిగెత్తాను. వెనక్కి చూసేసరికి మూడుకాళ్ళమీద కుంటుకుంటూ వెళ్ళిపోతోంది.

తర్వాత దేవదారు కొమ్మ విరిచి, అక్కడున్న అడుగులన్నీ శుభ్రంగా ఊడ్చేశాను. నాన్నకు తెలిస్తే చంపేస్తాడనుకున్నాను. ఆయన ఏమీ అడగలేదు. బతికిపోయాననుకున్నాను. కానీ ఆ వసంతంలోనే నన్ను పట్నంలో అత్తయ్య ఇంటికి చదువుకోమని పంపేశాడు. అడవికి పనికిరానని తేల్చేశాడని అర్థమైంది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

సంతకం పెడుతున్నప్పుడు నీమీద పెట్టలేదు. ఆ లింక్స్ కాలు కోసం పెట్టాను.

ఆల్ఫీ.


రెండు మెడల సరస్సు శిబిరం,
క్రిస్మస్ తర్వాత మూడోరోజు.

ఒరే పిచ్చి సన్నాసీ,

నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానంటే, కుక్కలు లేచి మొరిగాయి. మంచుని ఊడ్చావా! అడవిలో మంచుని ఊడ్చేవాడు ఎవడైనా ఉంటాడట్రా? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది. నాన్న మంచుమీద ఎలుక గుండె ఆగిన చోటు కూడా చూపించే మనిషి. ఆయనకి నువ్వు ఊడ్చి మరీ చూపించావు!

ఆయనకి ఆ రోజే తెలుసు. ఇంటికొచ్చి చేతిజోళ్ళు విప్పుతూ అమ్మతో అన్నాడు, నేను పక్కనే ఉన్నాను. "ఇవాళ దేవదారుల దగ్గర ఎవరో చీపురుతో వాకిలి ఊడ్చారే. చుట్టాలు రావడం ఒక్కటే తక్కువ" అన్నాడు. అమ్మ నవ్వింది. ఆయన నవ్వలేదు. పొయ్యిలో కట్టె ఎగదోశాడు. "అది మూడు రోజులు ఉందే అందులో. మంచు గాలి అని నేను వెళ్ళలేదు. చిన్నోడు అడక్కుండా అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. చదువుకుంటే వాడికే దొరుకుతుందేమో" అన్నాడు. అందుకురా నిన్ను పంపింది. పనికిరావని కాదు.

ఇంకో సంగతి. ఆ తర్వాత నాన్న కాలు పట్టే ఉచ్చుని ఒక్క రాత్రికి మించి ఎప్పుడూ వదల్లేదు. ఏ తుఫానైనా తెల్లారేసరికి వెళ్ళి చూసేవాడు. నాన్న కాలివేళ్ళు రెండు ఎలా పోయాయనుకున్నావు? కట్టెలు తేవడానికి వెళ్ళి మంచుకాటు తిన్నాడని నీకు రాశారు. కట్టెలు కాదు, ఉచ్చు చూడ్డానికి. వెళ్ళేసరికి అందులో ఏమీ లేదు కూడా. "పోనీలే, ఏం లేకపోతే మంచిదేగా" అన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు, నువ్వు బాధపడతావని. నేను అప్పట్నుంచీ తీగ ఉచ్చులు, పెట్టె ఉచ్చులే వాడుతున్నాను. మీ అర్జీలో ఆ సంగతి రాయలేదుగా.

సరే, ఇప్పుడు నేనూ ఒకటి చెప్పాలి. మోకాలు ఇప్పుడు సణగడం మానేసి ఏడుస్తోంది. పొయ్యి దగ్గరనుంచి గుమ్మందాకా కర్ర పట్టుకునే నడుస్తున్నాను. నర్సమ్మ రాసిచ్చింది, జనవరిలో మీ ఊరి ఆస్పత్రిలో కోత. ఆపైన ఆరేడు వారాలు నడక నేర్చుకోవాలట, ముసలిదాన్ని, పసిపిల్లలా.

అందుకని అడుగుతున్నాను. రెండో పేరు నీది రాయి. ఆ ఆరు వారాలు నువ్వొచ్చి బాట మీద ఉండు. బీవర్లను పట్టడం వచ్చినవాళ్ళు ఈ ఊళ్ళో ముప్ఫైమంది ఉన్నారు. నాకు పట్టకుండా ఉండగలిగినవాడు కావాలి. నువ్వు తప్ప ఇంకెవరున్నారు? కానీ కొండవైపు మార్టెన్లు మాత్రం కొన్ని పట్టి తోళ్ళు చూపించాలి. అది నీ చేత్తోనే జరగాలి. పెట్టె ఉచ్చులో మెడమీద ఒక్క దెబ్బ, అంతే. అయినా చావు చావే. తేలిక అని నేను చెప్పను. నాకు అరవై మూడేళ్ళు, ఇంకా తేలిక కాలేదు.

రానంటే ఏమీ అనుకోను. అబద్ధం. అనుకుంటాను.

డెలైమా అక్క.


మా వంటింటి బల్లమీదనుంచి,
జనవరి పన్నెండు.

అక్కా,

నువ్వు దిగే విమానంలోనే నేను ఎక్కుతున్నాను కాబట్టి కాగితం ఇక్కడ పెట్టి వెళ్తున్నాను. బడికి సెలవు పెట్టాను. హెడ్మాస్టరు, "ఎందుకయ్యా?" అంటే, "ఉచ్చులు వెయ్యడానికి" అన్నాను. అదే అర్జీలో ఆయనది మూడో సంతకం. సెలవు కాగితం రెండుసార్లు చదివాడు.

నాన్న వేళ్ళ సంగతి చదివాక రెండు రోజులు బడిలో పాఠం చెప్పలేకపోయాను. ఆయన కాళ్ళు నేనే కడిగేవాణ్ణి కదా సెలవులకొచ్చినప్పుడు. ఒక్కసారి కూడా అడగలేదు.

గ్వెన్‌కి అంతా చెప్పాను. ఏమంటుందోనని భయపడ్డాను. "నువ్వు ఆ పని చేస్తే నాకు నచ్చదు. నువ్వు వెళ్ళకపోతే ఇంకా నచ్చదు" అంది. నీ గదిలో రెండు దుప్పట్లు పెట్టింది. గ్యాసుపొయ్యికి అగ్గిపుల్ల అక్కర్లేదు, గుబ్బ తిప్పితే చాలు. ఊదకు.

ఆల్ఫీ.


విన్నిపెగ్,
ఫిబ్రవరి మొదలు.

ఆల్ఫీకి,

కోత బాగా జరిగింది. లోపల ఏదో లోహం పెట్టారు. చూశావా, చివరికి నా కాలే ఇనుములో పడింది! డాక్టరుతో ఈ మాటంటే, నీ దగ్గర నేర్చుకున్న మన భాషతో గ్వెనే తర్జుమా చేసింది, చేసి తనే ముందు నవ్వింది.

నీ పెళ్ళాం మంచిది. మొండిది. రోజూ పొద్దున్నే నన్ను వసారాలో నడిపిస్తుంది, నడిపించినంతసేపూ మేం పోట్లాడుకుంటాం. "వదినా, ప్రాణం తియ్యకుండా బతకలేమా?" అంటుంది. "బతకగలం, మా ఊళ్ళో నీ పప్పు పండితే" అంటాను. "విమానంలో తెప్పించుకోవచ్చుగా!" అంటుంది. "ఆ విమానం దేనితో ఎగురుతుందే, పప్పు చారుతోనా?" అంటాను. అప్పుడు టీ పెడుతుంది. నిన్న బీవర్ ఎముకలు నీళ్ళలో ఎందుకు వదులుతామని అడిగింది. మళ్ళీ బీవర్లయి వస్తాయని పెద్దలంటారు అన్నాను. "మీరు నమ్ముతారా?" అంది. "నమ్మకపోయినా వదులుతాను, మర్యాద కదా" అన్నాను. 

దాని స్నేహితురాళ్ళు నలుగురు నన్ను చూడ్డానికి వచ్చారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "మీకు జాలి వెయ్యదా?" అని అడిగింది. "వేస్తుందమ్మా, అందుకే లెక్కపెట్టి చంపుతాను. మీరెన్ని చంపారో మీకు లెక్క తెలుసా?" అన్నాను. వాళ్ళకి కోపమొచ్చిందనుకున్నాను. వెళ్ళేటప్పుడు ఆవిడ నాకు కమలాలు ఇచ్చి వెళ్ళింది. బాగున్నాయి.

పప్పు చారు కూడా పర్వాలేదు. ఈ మాట దానికి చెప్పకు.

నువ్వెలా ఉన్నావు? కొండకి వెళ్ళావా? పట్టావా? వాలస్‌గాడు కనిపిస్తే అటూ ఇటూ తిరగనివ్వకు. నాకు గుబులుగా ఉంది.

అక్క.


రెండు మెడల సరస్సు శిబిరం,
ఫిబ్రవరి ఇరవై.

అక్కా,

ముందు నువ్వు అడిగింది చెప్తాను. పట్టాను. ఎనిమిది మార్టెన్లు. మొదటిది పెట్టెలో గడ్డకట్టి ఉంది, రాలిన ఆకంత తేలిగ్గా. దాని అరికాళ్ళు బొచ్చుతో మెత్తగా ఉన్నాయి. నిలబడి ఏడ్చాను. చూసేవాళ్ళు ఎవరూ లేరు, మంచుని ఊడవలేదు. పొయ్యి దగ్గర కరిగించి తోలు తీస్తూ చెవి దగ్గర చించేశాను. ఆ పూట భోంచెయ్యబుద్ధి కాలేదు. మర్నాడు తిన్నాను. ఎనిమిదోది చించలేదు.

తేలిక కాలేదు. నువ్వు ముందే చెప్పావు కాబట్టి తేలిక కాకపోవడం తప్పని అనిపించలేదు.

కానీ అక్కా, ఇక్కడ సంతోషంగా ఉంది. రాయడానికి సిగ్గేస్తోంది గాని, నిజం. పొద్దున్నే మంచుగడ్డ కొట్టి నీళ్ళు తెచ్చుకోవడం, బానక్ రొట్టె కాల్చుకోవడం, బూడిదరంగు కాకులొచ్చి అందులో సగం ఎత్తుకుపోవడం, సాయంత్రం కాళ్ళు నొప్పెట్టడం. ముప్ఫైయేళ్ళు బడిలో బల్లమీద చెయ్యి కొట్టి చెప్పాను గాని ఇంత బాగా ఎప్పుడూ అలిసిపోలేదు.

ఇప్పుడు నీకు నచ్చనిది చెప్పాలి. పోయిన వారం తూర్పు వాగు దగ్గర ఒక గూడు ముందు మంచుగడ్డకి కొత్తగా కొట్టిన కన్నం, అందులో దించిన గుంజలు కనిపించాయి. మనం పడుకోబెట్టిన గూడే. వాలస్ బావ అక్కడే మోకాళ్ళమీద కూర్చుని ఉన్నాడు.  "బావా, ఉచ్చు తియ్యి. ఈ బాట మీద పేరు నాది" అన్నాను.

"ఓహో, పన్నెండో పంతులుగారా! ఏంటి, అర్జీ పెడతావా నామీద?" అన్నాడు.

"పెట్టను. ఇక్కడే కూర్చుంటా" అని పక్కన కూర్చున్నాను. చలికి నా పళ్ళు టకటకలాడుతున్నాయి.  కాసేపటికి ఆయనే ఉచ్చు తీసి, తన థర్మాసులోంచి టీ పోశాడు. అప్పుడు చెప్పాడు. ఆయన బాట మొత్తం నీళ్ళకిందకి పోయిందట, అక్కా. ఒక్క గూడు మిగల్లేదు. రెండు చలికాలాలనుంచి ఊళ్ళో కట్టెలు కొట్టి బతుకుతున్నాడు. "నువ్వు పట్నంలో దీపం వేస్తే నా అడవి ములిగింది, డెలైమా తలుపేసుకుంది. నేనెక్కడికి పోవాలిరా?" అన్నాడు. జోకులన్నీ పోయి ముఖం ముసలిదైపోయింది.

నీకు రాసి అడగడానికి వ్యవధి లేదు. దక్షిణం కొండ మార్టెన్లు ఈ చలికాలానికీ వచ్చే చలికాలానికీ నీవే, బీవర్ల జోలికి మాత్రం రాకు అన్నాను. నేల పోయినవాడికి నాన్న తన బాటలో ఒక వైపు చూపించేవాడని గుర్తు. అక్క సొమ్ము తమ్ముడు దానం చేశాడు, తిట్టుకో. ఆయన టీ తాగేసి వెళ్ళాడు. మర్నాడు వచ్చి నాకు తోలు చట్రానికి ఎక్కించడం నేర్పాడు. ఎనిమిదోది చిరక్కపోవడం ఆయన చలవే.

గుమస్తా తోళ్ళు చూసి ముద్ర వేశాడు. బాట మనదే. అర్జీమీద పెట్టిన సంతకం వెనక్కి తీసుకోను, అక్కా. లైసెన్సు మీద పెట్టింది కూడా తీసుకోను. రెండూ నా చేత్తోనే పెట్టాను. ఆనకట్టమీద మూడోది రాస్తున్నాను, బావ చెప్తుంటే. బూతులు తీసేస్తున్నాను.

ఆల్ఫీ.


విన్నిపెగ్,
మార్చి మొదలు.

తమ్ముడు ఆల్ఫియస్‌కు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి తిట్టాను. గ్వెన్ పరిగెత్తుకొచ్చింది, కాలు జారానేమోనని. రెండోసారి తిట్టలేదు.

వాలస్ బాట ములిగిందని నాకు తెలుసు. ఊరందరికీ తెలుసు. వాడు జోకులేస్తున్నాడు కదా అని నేను ఆ సంగతి పట్టించుకోలేదు. బీవర్లమీద చూపించిన జాలిలో పావు వంతు వాడిమీద చూపించలేదు. నాకు సిగ్గుగా ఉంది, నీకు కాబట్టి రాస్తున్నాను. వాడికి చెప్పావో, చూసుకో.

నాన్నయితే నువ్వు చేసిందే చేసేవాడు. నేనైతే చేసేదాన్ని కాదు. ఎండ పడే నీ వెనకగదిలో పడుకుని ఇదే ఆలోచించాను.

వచ్చే గురువారం విమానానికి వస్తున్నాను. కొత్త మోకాలు బాగానే నడుస్తోంది గాని, మెత్తటి మంచులో దారి తొక్కొద్దన్నాడు డాక్టరు. గ్వెన్ సెలవులకి వస్తానంటోంది, ఐదు గూళ్ళూ చూస్తుందట, పప్పు తనే తెచ్చుకుంటుందట.

మన బాటమీద ఎప్పుడూ ముందు నడిచేవాడిదే మాట. ఏం పట్టాలో, ఏది వదలాలో, ఎవరికి చోటివ్వాలో వాడే చెప్తాడు. నాన్న తర్వాత ఇరవై రెండేళ్ళు నేనే ముందు నడిచాను.

వచ్చే చలికాలం నువ్వు ముందు నడు. నీ అడుగుల్లో అడుగేసి నేను వెనక వస్తాను. అరుస్తాను, తప్పులు పడతాను, కానీ వస్తాను. అడుగులు మరీ దూరం దూరంగా వెయ్యకు.

మీ అక్క,
డెలైమా.